ముప్ఫైతొమ్మిది అంకెల మాస్టారి లెక్క

ఈ స్వర్ణోత్సవ సంచికలో మిత్రులు చాలామంది బడి జ్ఞాపకాలు రాస్తారని తెలుసు. వేపచెట్టు గురించీ, డ్రిల్లు పీరియడు గురించీ, హెడ్మాస్టరు గారి బెత్తం గురించీ నాకంటే బాగా రాసేవాళ్ళు మనలో ఉన్నారు. డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి, నా వంతుగా ఒక సంఖ్య చరిత్ర రాస్తాను. ఆ సంఖ్య వెనక ఉన్నది ఒక బడి మాస్టారు. అందుకే మన సంచికలో దానికి చోటు ఉండాలనుకున్నాను.

ఆ సంఖ్య ఇది:

170141183460469231731687303715884105727

మొత్తం 39 అంకెలు. క్లుప్తంగా రాస్తే 2¹²⁷−1. అంటే రెండును 127 సార్లు వేసి గుణించి, వచ్చిన దాంట్లోంచి ఒకటి తీసేయాలి. ఇది ప్రధాన సంఖ్య. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ భాగం పోదు. ఈ సంగతి 1876లో తేలింది. అప్పటికి కంప్యూటరు లేదు, కరెంటు దీపం కూడా ఇళ్ళలోకి రాలేదు. ఒక మనిషి కాగితం మీద తేల్చాడు. 39 అంకెల సంఖ్యకు భాజకాలు లేవని ఒక్క మనిషి ఎలా చెప్పగలిగాడు? అది నమ్మదగ్గ మాటేనా? ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నల గురించే.

ముందు సంఖ్య ఆకారం చూద్దాం. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేస్తూ పోయే కథ అందరికీ తెలిసిందే. 64 గళ్ళలో మొత్తం గింజలు 2⁶⁴−1, అంటే 18446744073709551615. ఈ సంఖ్య మన తెలుగువాళ్ళకు కొత్త కాదు. పదకొండో శతాబ్దివాడని చెప్పే పావులూరి మల్లన తన గణిత గ్రంథంలో ఈ ఇరవై అంకెలనూ పద్యంలో ఇమిడ్చాడు. చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, బాణాలంటే అయిదు, ఆకాశమంటే సున్నా. ఇలా మాటలతో అంకెలు చెప్పి, కుడినుంచి ఎడమకు చదువుకొమ్మనడం పాత పద్ధతి. తొమ్మిది వందల ఏళ్ళకు పైగా ఆ పద్యంలో ఒక్క అంకె కూడా చెదరలేదు.

ఇప్పుడు 64 గళ్ళకు బదులు 127 గళ్ళు వరసగా ఉన్నాయనుకోండి. వాటిలో పోసిన మొత్తం గింజలే మన సంఖ్య.

మల్లన సంఖ్య ప్రధాన సంఖ్య కాదు. చివర అయిదు ఉంది గనుక అయిదుతో పోతుందని ఆరో తరగతి పిల్లవాడూ చెబుతాడు. మూడుతో కూడా పోతుంది. గళ్ళను జతలుగా చూస్తే మొదటి జతలో 1+2 కలిపి 3, రెండో జతలో 4+8 కలిపి 12, మూడో జతలో 16+32 కలిపి 48. అన్నీ మూడు గుణిజాలే. 64ను జతలుగా విడదీయగలం గనుక ఈ మాట నిజమైంది. గళ్ళు ఆరైతే మూడేసి చొప్పున విడదీయవచ్చు: 1+2+4 అంటే 7, 8+16+32 అంటే 56. కాబట్టి 63 ఏడుతో పోతుంది. గళ్ళ సంఖ్యను సమాన గుంపులుగా విడదీయగలిగితే గింజల సంఖ్య కూడా విడిపోతుందన్నమాట. గింజల సంఖ్య ప్రధానం కావాలంటే గళ్ళ సంఖ్య ప్రధానమై తీరాలి.

అది చాలుతుందా? 2, 3, 5, 7 గళ్ళకు 3, 7, 31, 127 వస్తాయి. నాలుగూ ప్రధాన సంఖ్యలే. 11 గళ్ళ దగ్గర ఆశ చెదురుతుంది. 2¹¹−1 అంటే 2047. అది 23×89. ఈ సంగతి 1536 నాటికే అచ్చులో ఉంది. కాబట్టి ఏ గళ్ళ సంఖ్యకు ప్రధానం వస్తుందో, దేనికి రాదో ఒక్కొక్కటిగా తేల్చుకోవలసిందే.

ఇంత శ్రమ దేనికంటే, దీని వెనక రెండు వేల ఏళ్ళ నాటి మరో ముచ్చట ఉంది. 6ను భాగించే చిన్న సంఖ్యలు 1, 2, 3. వాటిని కూడితే మళ్ళీ 6. 28కి 1, 2, 4, 7, 14. కూడితే 28. వీటిని పరిపూర్ణ సంఖ్యలన్నారు. గింజల సంఖ్య ప్రధానమైతే, దాన్ని చివరి గడిలోని గింజలతో గుణిస్తే పరిపూర్ణ సంఖ్య వస్తుందని యూక్లిడ్ తన తొమ్మిదో పుస్తకం చివర నిరూపించాడు. మూడు గళ్ళు తీసుకోండి: మొత్తం 7, చివరి గడిలో 4, లబ్ధం 28. అయిదు గళ్ళకు 31×16 అంటే 496. మన 127 గళ్ళ సంఖ్యతో వచ్చే పరిపూర్ణ సంఖ్యకు 77 అంకెలు.

ఇక చరిత్రలోకి వస్తాను. పారిస్‌లో మారిన్ మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి ఉండేవాడు. ఫెర్మా, డెకార్ట్ వంటి మహామహులు ఆయనకు ఉత్తరాలు రాసేవారు. ఒకరికి తట్టిన సంగతి ఇంకొకరికి చేరవేసే పోస్టాఫీసు లాంటివాడు. 1644లో అచ్చయిన తన పుస్తకం పీఠికలో ఆయన ఒక జాబితా ఇచ్చాడు. 257 వరకు ఉన్న గళ్ళ సంఖ్యల్లో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257, ఈ పదకొండింటికి మాత్రమే ప్రధాన సంఖ్య వస్తుందన్నాడు. ఎలా తెలిసిందో చెప్పలేదు. పరీక్ష పేపరులో సమాధానం మాత్రం రాసి లెక్క చూపించని విద్యార్థిని మన మాస్టర్లు ఏం చేసేవారో మీకు గుర్తుండే ఉంటుంది. మెర్సెన్‌ను అలా నిలదీయడానికి లోకానికి రెండు వందల ఏళ్ళకు పైనే పట్టింది. ఈలోగా ఆయన పేరు మాత్రం స్థిరపడింది. ఈ జాతి ప్రధాన సంఖ్యలను మెర్సెన్ ప్రధాన సంఖ్యలనే అంటాం.

మెర్సెన్‌కు ఉత్తరాలు రాసిన ఫెర్మా 1640లో ఒక చక్కటి కిటుకు కనిపెట్టాడు. గళ్ళ సంఖ్య ప్రధానమైతే, గింజల సంఖ్యకు ఉండగల ప్రతి భాజకాన్నీ గళ్ళ సంఖ్యకు రెట్టింపుతో భాగిస్తే శేషం ఒకటే రావాలి. 2047 సంగతే చూడండి. 11కు రెట్టింపు 22. దాని భాజకాలు 23, 89. రెండింటినీ 22తో భాగిస్తే శేషం ఒకటి. ఈ కిటుకుతో ఫెర్మా 2²³−1ని 47 భాగిస్తుందనీ, 2³⁷−1ని 223 భాగిస్తుందనీ పట్టుకున్నాడు. అంతకుముందు ఇటలీలో కతాల్డి అనే ఆయన ఈ రెండూ ప్రధానాలన్నాడు. ఆ మాట ఫెర్మా చేతిలో వీగిపోయింది.

1772లో ఆయిలర్ 2³¹−1 ప్రధానమని నిరూపించాడు. ఆ సంఖ్య 2147483647. దాని వర్గమూలం 46340 చిల్లర. అంతవరకు ఉన్న ప్రధానాలన్నిటితో భాగించి చూడాలంటే నాలుగు వేలకు పైగా భాగహారాలు. ఫెర్మా కిటుకుకు మరో నియమం జతచేసి ఆయిలర్ ఆ పనిని వందలోపుకు కుదించాడు. 1811లో పీటర్ బార్లో అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు తన పుస్తకంలో, దీన్నుంచి పుట్టే పరిపూర్ణ సంఖ్యను మించినదాన్ని మనుషులు ఎన్నటికీ కనిపెట్టరని రాశాడు. ఇవి వింతలే గాని పనికివచ్చేవి కావు కనుక అంత కష్టం ఎవరూ పడరని ఆయన ఉద్దేశం.

బార్లోని తప్పుపట్టలేం. భాగించి చూసే దారిలో వెళితే 127 గళ్ళ సంఖ్య దగ్గర ఏమవుతుందో చూడండి. దాని వర్గమూలం ఇరవై అంకెల సంఖ్య. ఫెర్మా కిటుకు ప్రకారం 254తో భాగిస్తే శేషం ఒకటి వచ్చేవాటినే పరీక్షించాలి. ఆయిలర్ నియమంతో వాటిలోనూ సగం పోతాయి. మిగిలిన వాటితో సెకనుకు ఒకటి చొప్పున, నిద్రాహారాలు లేకుండా భాగించుకుంటూ పోతే దాదాపు 80 కోట్ల ఏళ్ళు పడుతుంది.

ఎడ్వార్డ్ లూకా ఆ దారిన పోలేదు. ఆయన 1842లో ఫ్రాన్స్‌లోని ఆమియేన్‌లో పుట్టాడు. కొంతకాలం పారిస్ వేధశాలలో పనిచేశాడు. 1870 యుద్ధంలో ఫిరంగి దళంలో ఉన్నాడు. తర్వాత బతుకంతా బడి మాస్టారు గానే గడిపాడు. మొదట మూలాన్ అనే పట్టణంలో, ఆ తర్వాత పారిస్‌లోని సెయింట్ లూయీ, షార్లమేన్ పాఠశాలల్లో లెక్కలు చెప్పాడు. మూడు కడ్డీల మీద చక్రాలు పేర్చి, పెద్దదాన్ని చిన్నదాని మీద పెట్టకుండా ఒక కడ్డీ నుంచి మరో కడ్డీకి మార్చే ఆట మీలో చాలామంది ఆడి ఉంటారు. హనోయ్ టవర్ అనే ఆ ఆటను 1883లో మారుపేరుతో బయటపెట్టింది ఈయనే. అందులో కూడా మన గింజల లెక్కే ఉంది. మూడు చక్రాలకు 7 ఎత్తులు, ఏడు చక్రాలకు 127 ఎత్తులు.

ఆయనకు ఇష్టమైన మరో సంగతి ఫిబొనాచి వరస: 1, 2, 3, 5, 8, 13. ప్రతి సంఖ్యా దాని ముందు రెండింటి మొత్తం. ఈ పేరును ప్రచారంలోకి తెచ్చినవాడు లూకాయే. కాని ఆ వరస మన ఛందస్సులో అంతకు ముందే ఉంది. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. నాలుగు మాత్రల గణాలు ఎన్నని మన తెలుగు పండితులను అడగండి. గగ, భ, జ, స, నల అంటారు. కంద పద్యం గణాలు ఆ అయిదే. మూడు మాత్రలకు మూడు, నాలుగు మాత్రలకు అయిదు, అయిదు మాత్రలకు ఎనిమిది. చివర లఘువు ఉంటే మిగిలినవి ఒక మాత్ర తక్కువ, గురువు ఉంటే రెండు మాత్రలు తక్కువ, అందుకే ముందు రెండింటిని కూడితే తర్వాతది వస్తుంది. విరహాంకుడు, హేమచంద్రుడు ఈ సంగతిని ఫిబొనాచి పుస్తకం వెలువడిన 1202కు ముందే చెప్పారు.

అదే నియమంతో 1, 3 నుంచి మొదలుపెడితే 1, 3, 4, 7, 11, 18, 29, 47 అని పోతుంది. వీటికి లూకా సంఖ్యలని పేరు. రెండో చోట 3, నాలుగో చోట 7, ఎనిమిదో చోట 47 ఉన్నాయి చూడండి. 3 వర్గం 9, రెండు తీస్తే 7. 7 వర్గం 49, రెండు తీస్తే 47. చోటు రెట్టింపైనప్పుడల్లా, వర్గం చేసి రెండు తీసేస్తే చాలు. లూకా పట్టుకున్న తాళంచెవి ఇదే.

ఆయన పరీక్ష ఇలా ఉంటుంది. గళ్ళ సంఖ్యను నాలుగుతో భాగిస్తే శేషం మూడు రావాలి. 7, 11, 19, 31, 127 అలాంటివే. 3తో మొదలుపెట్టండి. వర్గం చేయండి, రెండు తీయండి. వచ్చినది మన గింజల సంఖ్యను దాటితే దానితో భాగించి శేషం మాత్రం ఉంచుకోండి. మళ్ళీ వర్గం, మళ్ళీ రెండు తీసివేత. గళ్ళ సంఖ్య కంటే రెండు తక్కువ సార్లు ఇలా చేయాలి. చివర సున్నా వస్తే గింజల సంఖ్య ప్రధానం.

ఏడు గళ్ళకు, అంటే 127కు, చేసి చూద్దాం. అయిదు మెట్లు. 3 నుంచి 7. 7 నుంచి 47. 47 వర్గం 2209, రెండు తీస్తే 2207, దాన్ని 127తో భాగిస్తే శేషం 48. 48 వర్గం 2304, రెండు తీస్తే 2302, శేషం 16. 16 వర్గం 256, రెండు తీస్తే 254. అది సరిగ్గా 127కు రెట్టింపు. శేషం సున్నా. కనుక 127 ప్రధాన సంఖ్య.

పదకొండు గళ్ళకు, అంటే 2047కు, ఏం జరుగుతుందో కూడా చూడండి. తొమ్మిది మెట్లు ఎక్కాలి. 3 తర్వాత 7, 47, 160, 1034, 620, 1609, 1471, మళ్ళీ 160, మళ్ళీ 1034. ఎనిమిదో మెట్టులో 160 తిరిగి వచ్చింది. ఇక ఎంత దూరం నడిచినా గానుగెద్దులా ఆ అయిదు సంఖ్యల చుట్టూ తిరగడమే, సున్నా రాదు. కాబట్టి 2047 ప్రధానం కాదు. ఇందులో విశేషం గమనించారా? 23, 89 అనే భాజకాలు మనకు దొరకలేదు. వాటి పేరెత్తకుండానే అవి ఉన్నాయని తేలిపోయింది.

మన 127 గళ్ళ సంఖ్యకు 125 మెట్లు. మొదటి ఆరు మెట్లలో భాగహారం అక్కర్లేదు. మిగిలిన 119 మెట్లలో, ప్రతిసారీ 39 అంకెల దాకా ఉండే సంఖ్యను వర్గం చేసి, 77 అంకెల దాకా వచ్చినదాన్ని మళ్ళీ 39 అంకెల సంఖ్యతో భాగించాలి. కష్టమే. కాని 80 కోట్ల ఏళ్ళ పక్కన పెడితే ఇది మనిషి బతుకులో పట్టే కష్టం.

భాగహారాన్ని తేలిక చేసే ఉపాయం కూడా సంఖ్య ఆకారంలోనే ఉంది. గుణకారం సరిచూసుకోవడానికి అంకెలు కూడి తొమ్మిదులు కొట్టేయడం మనకు తెలుసు. పదిని తొమ్మిదితో భాగిస్తే శేషం ఒకటి గనుక, తొమ్మిదితో శేషం కావాలంటే అంకెలు కూడితే చాలు, భాగించనక్కర్లేదు. మన సంఖ్య విషయంలో 2¹²⁷ని భాగిస్తే శేషం ఒకటి. కనుక సంఖ్యలను ఒకట్లు, సున్నాలుగా, అంటే ద్విసంఖ్యామానంలో రాసుకుంటే, 127వ స్థానం దాటిన ప్రతి ఒకటినీ తెచ్చి మళ్ళీ మొదటి స్థానం నుంచి కలుపుకోవచ్చు. లూకా దీన్ని 127 వరసలు, 127 నిలువులు ఉన్న చదరంగం బల్ల మీద ఆటగా వర్ణించాడు. బంటు ఉంటే ఒకటి, ఖాళీ గడి అయితే సున్నా. కుడి అంచున పడిపోయిన బంటు ఎడమ అంచున మళ్ళీ ప్రవేశిస్తుంది. నేటి కంప్యూటర్లు ఇదే సంఖ్యతో పనిచేసేటప్పుడు అదే చేస్తాయి.

ఇక రెండో ప్రశ్న. ఇది నమ్మదగ్గదేనా? ఒక్క మనిషి చేత్తో చేసిన లెక్క. నూటపాతిక మెట్లలో ఎక్కడో ఒక అంకె జారి ఉండదా? కాలేజీలో పిల్లలు నన్ను చాలాసార్లు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళకు చెప్పిన జవాబే ఇక్కడ రాస్తాను. దారిలో ఎక్కడైనా తప్పు దొర్లితే, ఆ తర్వాత వచ్చే శేషాలు దిక్కు తప్పి, చివరకు 39 అంకెల్లో ఏదో ఒక సంఖ్య మిగులుతుంది. తప్పు లెక్క సరిగ్గా సున్నా దగ్గరకే వచ్చి ఆగడానికి ఉన్న అవకాశం, ఆ 39 అంకెల సంఖ్యలో ఒక వంతు లాంటిది. కాబట్టి చివర సున్నా వచ్చిందంటే లెక్క తనకు తానే సాక్ష్యం చెప్పుకున్నట్టు. సున్నా రాకపోతే మాత్రం అనుమానించాలి. సంఖ్య నిజంగా ప్రధానం కాకపోవచ్చు, లేదా మనమే ఎక్కడో జారి ఉండవచ్చు. అలాంటప్పుడు మరొకరు వేరుగా మళ్ళీ చేసి అదే శేషం తెచ్చుకుంటే తప్ప ఒప్పుకోకూడదు. లూకా ఫలితాన్ని కూడా తర్వాతివాళ్ళు మళ్ళీ లెక్కించి చూశారు. అది నిలబడింది.

మెర్సెన్ జాబితా మాత్రం నిలబడలేదు. 1876లోనే లూకా తన పద్ధతితో 67 గళ్ళ సంఖ్య ప్రధానం కాదన్నాడు. కాని భాజకాలు చూపలేదు, ఆ పద్ధతి చూపదు కూడా. 1883లో రష్యాలో ఇవాన్ పెర్వూషిన్ అనే చర్చి పూజారి 2⁶¹−1 ప్రధానమని తేల్చాడు. మెర్సెన్ దాన్ని వదిలేశాడు. 1903 అక్టోబరు 31న అమెరికన్ గణిత సంఘం సమావేశంలో ఫ్రాంక్ కోల్ లేచి బల్ల దగ్గరకు వెళ్ళి ఒక్క మాట మాట్లాడకుండా లెక్క చేశాడని చెబుతారు. ఒక వైపు 2⁶⁷−1 గట్టి 147573952589676412927 అని రాశాడు. మరో వైపు 193707721ని 761838257287తో గుణించి చూపాడు. రెండూ ఒకటే. అలాగే మౌనంగా వచ్చి కూర్చున్నాడట. ఆ భాజకాల కోసం మూడేళ్ళ ఆదివారాలు పట్టాయని తర్వాత ప్రచారంలోకి వచ్చింది. పట్టడానికి మూడేళ్ళు, సరిచూడటానికి ఒక పీరియడు చాలు. ఆ గుణకారం మన పదో తరగతి పిల్లలు కూడా చేయగలరు.

1911లో 89, 1914లో 107 గళ్ళ సంఖ్యలు కూడా ప్రధానాలేనని అమెరికా రైల్వే ఉద్యోగి పవర్స్ చూపాడు. ఆ రెండూ మెర్సెన్ జాబితాలో లేవు. జాబితాలో ఉన్న 257 ప్రధానం కాదని లేమర్ తేల్చాడు. ఆ లేమరే లూకా పరీక్షకు పదును పెట్టి, 3కు బదులు 4తో మొదలుపెడితే 3 మొదలు ఏ ప్రధాన గళ్ళ సంఖ్యకైనా పనిచేస్తుందని, సున్నా రాకపోతే సంఖ్య కచ్చితంగా ప్రధానం కాదని లోపం లేకుండా నిరూపించాడు. 1947 నాటికి 257 వరకు మొత్తం సరిచూడటం పూర్తయింది. పదకొండు పేర్లలో రెండు తప్పులు, మూడు వదిలివేతలు. 127 మాత్రం సరిగ్గా ఉంది. మెర్సెన్‌కు అది ఎలా తట్టిందో ఆయన రాసిపెట్టి ఉంటే మూడు శతాబ్దాల శ్రమలో కొంతైనా తగ్గేది.

1876 నుంచి 1951 దాకా, డెబ్బయ్యయిదేళ్ళు, లోకానికి తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య ఇదే. మనం స్వర్ణోత్సవం చేసుకుంటున్నాం, అది తన రికార్డుకు వజ్రోత్సవమే చేసుకుంది. 1951లో ఫెరియే అనే ఆయన చేత్తో తిప్పే గణన యంత్రం సాయంతో 44 అంకెల ప్రధానాన్ని కనుగొన్నాడు. అదే ఏడాది కేంబ్రిడ్జిలో మిల్లర్, వీలర్ ఎడ్సాక్ కంప్యూటరుతో 79 అంకెల దాన్ని పట్టారు. వాళ్ళు ఎంచుకున్నది మన సంఖ్య వర్గాన్ని 180తో గుణించి ఒకటి కలిపితే వచ్చేది. రికార్డు పోయినా కొత్త ఇంటికి పునాది రాయి ఈ పాతదే అయింది. 1952 జనవరి 30న రాబిన్సన్ రాసిన ప్రోగ్రాం లాస్ ఏంజెలెస్‌లోని స్వాక్ యంత్రం మీద ఒక్క రోజులో 521, 607 గళ్ళ ప్రధానాలను తేల్చింది. ఆ ప్రోగ్రాంలో ఉన్నది లూకా పద్ధతే: వర్గం చెయ్యి, రెండు తియ్యి, శేషం ఉంచు.

1978లో 21701 గళ్ళ ప్రధానాన్ని కనుగొన్నది కాలిఫోర్నియాలోని ఇద్దరు హైస్కూలు విద్యార్థులు, లారా నికెల్, కర్ట్ నాల్. ఇద్దరికీ పద్ధెనిమిదేళ్ళు. 2002లో ఏ సంఖ్యకైనా పనికొచ్చే త్వరిత పద్ధతిని కాన్పూరు ఐఐటీ నుంచి మణీంద్ర అగర్వాల్, ఆయన శిష్యులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా లోకానికి అందించారు. శిష్యులిద్దరూ అప్పుడే బీటెక్ చదువు ముగించినవాళ్ళు. 2024 అక్టోబరులో ప్రకటించిన మెర్సెన్ ప్రధానానికి గళ్ళు 136279841, అంకెలు 4 కోట్ల 10 లక్షల 24 వేల 320. దానికి కూడా చివరి ముద్ర వేసింది లూకా, లేమర్‌ల పరీక్షే.

బార్లో అన్న రెండో మాట, ఇవి పనికిరానివన్నది, ఇంకా మిగిలి ఉంది. ఆయన చివరిదనుకున్న సంఖ్యకు మూలమైన 2147483647 నేడు ఎన్నో కంప్యూటర్లలో 32 గళ్ళ పూర్ణసంఖ్యకు హద్దు. సెకన్లను అందులో లెక్కపెట్టుకునే పాత యంత్రాలకు 2038 జనవరి 19న ఆ హద్దు వచ్చేస్తుంది. 2⁵²¹−1 అమెరికా ప్రభుత్వ గుప్తలిపి ప్రమాణాల్లో చోటు చేసుకుంది. 2015లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ప్రకటించిన ఫోర్‌క్యూ అనే గుప్తలిపి పద్ధతికి ఆధారం మన 2¹²⁷−1. భాగహారం బదులు కూడిక సరిపోతుందన్న ఆ తొమ్మిదుల కిటుకే దాని వేగానికి కారణం.

అంతా తేలిపోలేదు. 2 గళ్ళకు 3, 3 గళ్ళకు 7, 7 గళ్ళకు 127, 127 గళ్ళకు మన సంఖ్య. నాలుగూ ప్రధానాలే. లూకా ఫలితం వచ్చిన 1876లోనే బెల్జియం గణితజ్ఞుడు కాతలాన్ ఈ వరసను గమనించాడు. మన సంఖ్య అన్ని గళ్ళు పెడితే వచ్చేది కూడా ప్రధానమేనా? దాని అంకెలు ఎన్నో చెప్పడానికే 38 అంకెలు కావాలి. జవాబు ఇప్పటికీ లోకంలో ఎవరికీ తెలియదు. అంత పెద్దదానికి లూకా పరీక్ష కూడా చాలదు, మరో కొత్త ఆలోచన కావాలి.

లూకా 1891లో, నలభై తొమ్మిదేళ్ళకే పోయాడు. ఒక విందులో పింగాణీ పళ్ళెం పగిలి ముక్క చెంపకు గీసుకుని, ఆ పుండు విషమించింది. ఆయన బతికుండగా విశ్వవిద్యాలయ పీఠాలేవీ దక్కలేదు. పొద్దున్నే బడికి వెళ్ళి పిల్లలకు లెక్కలు చెప్పి, మిగిలిన పొద్దులో ఈ పని చేసినవాడు. పూజారి పెర్వూషిన్, రైల్వే ఉద్యోగి పవర్స్ కూడా అంతే. మన దేశంలో బడి మాస్టర్లు పైకి చదివినా, రాసినా దాన్ని తీరిక వేళ సరదాగా చూస్తారు. బడి ఉద్యోగం పెద్ద పనికి అడ్డు కాదనడానికి ఈ ముగ్గురి లెక్కలే రుజువు. మన సంఘం ఈ ఏడు తలపెట్టిన కార్యక్రమాల్లో మాస్టర్ల చదువుకూ, పుస్తకాలకూ కొంత సొమ్ము కేటాయిస్తే బాగుంటుందని నా మనవి.

ఇప్పుడు బడిలో లెక్కలు చెబుతున్న మిత్రులకు ఒక చిన్న పని. 13 గళ్ళ సంఖ్య 8191. పదమూడును నాలుగుతో భాగిస్తే శేషం ఒకటి గనుక 3తో కుదరదు, లేమర్ చెప్పినట్టు 4తో మొదలుపెట్టాలి. పదకొండు మెట్లు. నలుగురు పిల్లలను బోర్డు దగ్గర నిలబెట్టి, ఒకరు వర్గం చేస్తుంటే ఒకరు భాగించేలా, మిగిలిన ఇద్దరూ సరిచూసేలా చేయించండి. ఒక పీరియడులో అయిపోతుంది. చివర సున్నా రావాలి. రాకపోతే ఎక్కడ జారారో ఆ నలుగురినే వెతకమనండి.